ఆరో విండో

"నీకేమోయ్, అష్టావధానివి. నాకు ఒకసారికి ఒక పనే," అంటూ మావారు కాఫీ కప్పు పట్టుకుని తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. నేను ఒక చేత్తో పాప టిఫిన్ డబ్బాకు మూత నొక్కుతూ రెండో చేత్తో కంప్యూటర్ ఆన్ చేస్తున్నాను. పెళ్లైన కొత్తలో ఈ మాట విని ఎంత మురిసిపోయానో చెబితే నవ్వుతారు. మొగుడు పొగిడితే మురిసిపోని కొత్త పెళ్లికూతురు ఉంటుందా! ఆ పొగడ్త ఎప్పుడూ ఒంటరిగా రాదని కనిపెట్టడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అష్టావధాని అన్నారంటే తొమ్మిదో పని వెనకాలే వస్తోందన్నమాట. అనుకున్నట్టే తలుపు మళ్లీ తెరుచుకుంది. "ఆ నీలం చొక్కాకి గుండీ ఊడింది, చేతులు ఖాళీ అయినప్పుడు చూడు," అన్నారు. అసలు అవధానంలో అప్రస్తుత ప్రసంగం చేయడానికి ఒక్కరినే కూర్చోబెడతారు. మా ఇంట్లో అందరికీ అదే వాటా.

మాది మూడు గదుల ఇల్లు. ఒకటి మావారి ఆఫీసు గది, ఒకటి అత్తయ్యది, ఒకటి పాపా మేమూ పడుకునేది. నాకు భోజనాల బల్ల. అది వంటింటికీ హాలుకీ మధ్య ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరు ఎక్కడున్నా నేను కనిపిస్తాను. ఇద్దరం ఇంటి నుంచే పని చేయడం మొదలైనప్పుడు, తలుపున్న గది ఎవరికి అన్న చర్చే రాలేదు. "నాకు మీటింగులుంటాయి, మాట్లాడాలి. నీది టైపింగే కదా, పక్కన చప్పుడైనా ఫర్వాలేదు," అన్నారాయన. నిజమే అనిపించింది. చప్పుడు ఫర్వాలేదు. ఆ చప్పుళ్లన్నిటికీ జవాబు నేనే చెప్పాలన్న సంగతి అప్పుడు ఇద్దరికీ తట్టలేదు. ఆయనకి ఇప్పటికీ తట్టలేదు.

బల్ల మీద నీళ్ల సీసా పక్కన నా థైరాయిడ్ మాత్రల డబ్బా ఉంటుంది. పొద్దున లేవగానే పరగడుపున వేసుకోవాలి, ఆ తర్వాత అరగంట దాకా కాఫీ కూడా తాగకూడదు అని డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది. మాత్ర దొరుకుతుంది, నీళ్లు దొరుకుతాయి, ఆ అరగంట దొరకదు. లేస్తూనే అత్తయ్యకి కాఫీ కలుపుతాను, సరిపోయిందో లేదో చూడాలని ఒక గుక్క తాగుతాను, అంతే, ఆ రోజుకి మాత్ర చెల్లు. అత్తయ్య బీపీ మాత్ర మాత్రం టిఫిన్ కాగానే పడాల్సిందే. మావారి విటమిన్ భోజనం తర్వాత, పాప దగ్గు మందు పడుకునే ముందు. ఇవేవీ నేను మర్చిపోను. కంప్యూటర్ తెరిచేటప్పుడు నా డబ్బాను స్క్రీన్ వెనక్కి జరుపుతాను, అడ్డం లేకుండా.

ఇక నా ఉద్యోగం. వాషింగ్ మిషన్లూ ఫ్రిజ్‌లూ అమ్మే ఒక కంపెనీకి చాట్‌లో జవాబులు చెబుతాను. ఎవరింట్లో మిషను మొరాయించినా వాళ్లు ఫోన్లో మాకు రాస్తారు, అది నా స్క్రీన్ మీద ఒక విండోగా తెరుచుకుంటుంది. ఒక్కొక్కరికి ఒకేసారి నాలుగు విండోలు. జవాబు ఆలస్యమైతే విండో అంచు పసుపు రంగులోకి మారుతుంది, ఇంకా ఆలస్యమైతే ఎర్రబడుతుంది. ఎర్రబడితే మన లెక్కలో తప్పు పడినట్టు. నాలుగూ నిండి ఉండగా ఐదో మనిషి వస్తే కంప్యూటరే ఒక మాట పంపుతుంది: "మీ ముందు ఒకరున్నారు. దయచేసి వేచి ఉండండి." ఆ మాట చదివి మనుషులు నిజంగానే ఆగుతారు. నాకు మొదట్లో అది పెద్ద వింతగా ఉండేది.

గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకపోతే ఒక మాట. ఈ పనిలో నాది అందెవేసిన చెయ్యి. కోపంగా ఉన్నవాళ్లని పైన ఎడమ పక్క పెడతాను, కన్ను ముందు అక్కడికే పోతుంది కాబట్టి. మెల్లిగా టైపు చేసే పెద్దవాళ్లు పైన కుడి పక్క. వారంటీ గురించి అడిగేవాళ్లు కింద. వాళ్లని బిల్లు వెతుక్కోమంటే చాలు, కాసేపు మన జోలికి రారు. ఒక్క విండోనీ పూర్తిగా మరొక దాని కింద దాచను. ప్రతిదానికీ ఒక అంచు బయటికి కనపడేలా ఉంచుతాను, దాని మీద నొక్కితే పైకి వచ్చేలా. నాలుగు పొయ్యిల మీద నాలుగు గిన్నెలు పెట్టినవాళ్లకి ఇది కొత్త విద్యేమీ కాదు. మా ఆఫీసులో మాత్రం దీన్ని అందరూ వింతగా చూస్తారు. ఇన్నేళ్లలో నా స్క్రీన్ మీద ఎర్ర అంచు పడింది చాలా తక్కువ, అదీ పాపకి జ్వరం వచ్చిన రోజుల్లో.

ఒకటే చిక్కు. ఆ మాటలు ఇంట్లోకి వచ్చేస్తుంటాయి. ఒకసారి కూరలో ఉప్పు ఎక్కువైందని మావారు ముఖం చిట్లిస్తే, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ," అన్నాను. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వారు. అప్పటి నుంచీ అది మా ఇంట్లో ఒక వేళాకోళం. పాప కూడా సాక్స్ దొరక్కపోతే "అమ్మా, కంప్లైంటు!" అని అరుస్తుంది.

ఒక సోమవారం మా టీమ్ లీడరు ఫోన్ చేసింది. నాకంటే బాగా చిన్నది, చురుకైనది, నన్ను అక్కా అని పిలుస్తుంది.

"అక్కా, పైవాళ్లు మీ రికార్డింగులు చూశారు. నోరెళ్లబెట్టారనుకోండి! మీ చేతిలో నాలుగు విండోలూ మంచినీళ్లు తాగినట్టు నడుస్తున్నాయట."

"ఊరికే మునగచెట్టు ఎక్కించకు. సంగతేమిటో చెప్పు."

"ఆరు చేద్దామంటున్నారక్కా. ముందు మీతో ఒక రోజు చేసి చూస్తారు. స్క్రీన్ అంతా రికార్డు చేస్తాం. అది బాగా వస్తే మిగతావాళ్లకి అదే చూపించి నేర్పిస్తాం. ట్రైనర్ పోస్టు కూడా మీకే ఇస్తామన్నారు."

చూద్దాంలే అని బింకంగా అన్నాను గానీ లోపల ఉబ్బిపోయాను. అబద్ధమెందుకు? నన్ను ఎవరైనా ఒక పని గురించి మెచ్చుకుని, దాని వెనక గుండీ కుట్టమని అడగకపోవడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం భోజనాల దగ్గర, అదే బల్ల మీద, కంప్యూటర్‌ని పక్కకు జరిపి వడ్డిస్తూ ఆ మాట చెప్పాను.

"ఆరేం ఖర్మ, నువ్వు పదైనా లాగేస్తావు," అన్నారు మావారు తల ఎత్తకుండానే. ఆ వెంటనే ఎత్తారు. "అన్నట్టు, నువ్వు అంత ఫాస్టు కదా, మా ఆఫీసు ప్రెజెంటేషన్ ఒకటుంది. మాటలన్నీ నేనే రాశాను. కాస్త అందంగా సర్దిపెడితే చాలు. ఓ మూల తెరిచి పెట్టుకుంటే నీ పని మధ్యలో అదీ అయిపోతుంది."

"కూర్చుని చేసే పనే కదా, అలుపేముంటుంది," అంది అత్తయ్య. ఆవిడ మాటలో వెటకారం లేదు. ఆవిడ జీవితమంతా నిలబడే పని చేసింది. నేను కుర్చీలో కూర్చోవడం చూస్తే ఆవిడకి నిజంగానే నేను సుఖపడుతున్నట్టు కనిపిస్తుంది.

మూడోసారి కూర వడ్డించాక నా కంచంలో అన్నం చల్లారిపోయిందని గమనించాను.

మర్నాడు కవలలమ్మ ఫోన్ చేసింది. ఆఫీసుకు వెళ్లి పనిచేసే రోజుల్లో నా పక్క సీటావిడ. కవలలు పుట్టాక ఆ పేరే స్థిరపడిపోయింది. ఇప్పుడు తనూ ఇంటి నుంచే పని చేస్తోంది. వెనక ఒక బిడ్డ ఏడుస్తోంది, ఇంకొక బిడ్డ దేన్నో నేలకేసి కొడుతోంది.

"ఏమే, ఆరుకి ఒప్పుకున్నావట?"

"ఒప్పుకోవడమేముంది, చేసి చూస్తానన్నాను."

"నువ్వు చేసి చూడ్డమంటే చేసేయడమే కదా, నీ సంగతి నాకు తెలీదా? నీ వీడియో చూపించి మా అందరి నెత్తినా ఆరు పెడతారు. నాకు నాలుగుతోనే తల ప్రాణం తోకకొస్తోంది. ఒకణ్ణి ఒళ్లో పెట్టుకుని, ఒంటి చేత్తో టైపు చేస్తున్నానే తల్లీ."

"మరి నా చేతనైతే చేతకాదని ఎలా చెప్పను?"

కవలలమ్మ ఏడుస్తున్న బిడ్డని సముదాయించింది. "ఆరంటే నేను మానేయాల్సిందే. మానేస్తే మా ఇంట్లో అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. నాకు అదే బాధ. మానెయ్ మానెయ్ అని వాళ్లు ఎప్పటి నుంచో అంటున్నారు, ఇప్పుడు నీ పేరు చెప్పుకుని మానాలి," అంది. కోపంగా అని ఉంటే నేనూ కోపంగా ఏదో ఒకటి అనేసేదాన్ని. తను నవ్వుతూ అంది.

ఫోన్ పెట్టేశాక నాకు చిరాకు పుట్టింది. కవలలమ్మ మీదా, నా మీదా కూడా. నేను బాగా పని చేయడం కూడా తప్పేనా అనిపించింది. ఒక మనిషి పరిగెత్తగలిగితే పక్కనున్న వాళ్లందరినీ అంత వేగంగా పరిగెత్తమంటారా? అంటారు. మా ఇంట్లోనే అన్నారు. మా తోడికోడలు వచ్చినప్పుడల్లా అత్తయ్య ఆవిడతో, "మా పెద్దది చూడు, ఉద్యోగం చేస్తూనే అన్నీ చక్కబెడుతుంది," అనేది. అప్పుడు తోడికోడలు నా వంక చూసిన చూపు గుర్తొచ్చింది. అప్పట్లో దాన్ని అసూయ అనుకున్నాను. అయినా ట్రయల్‌కి వెళ్లకుండా ఉండలేకపోయాను. నా చేతులు నాకు తెలుసు. వాటికి ఆరు ఎలా ఉంటాయో చూడాలని నాకే దురదగా ఉంది.

గురువారం ట్రయల్. పొద్దున్నే ఇంట్లోవాళ్లందరికీ చెప్పాను, ఈ రోజు నన్ను పిలవకండి అని. "మేమెందుకు పిలుస్తాం?" అన్నారు మావారు ఆశ్చర్యంగా. నన్ను పిలుస్తున్నామని వాళ్లకి నిజంగా తెలియదు. ఊపిరి తీసుకుంటున్నామని ఎవరికైనా గుర్తుంటుందా?

స్క్రీన్ మీద ఆరు విండోలు తెరుచుకున్నాయి. మొదటి గంటా అద్భుతంగా నడిచింది. పైన మూడు, కింద మూడు, ప్రతిదానికీ ఒక అంచు బయటికి. ఫ్రిజ్ చల్లబడక మండిపడుతున్న హోటలాయన, కొత్త మిషను పైపు ఎక్కడ తగిలించాలో తెలియని కుర్రజంట, వారంటీ వాళ్లు ఇద్దరు, మిషను చప్పుడు చేస్తోందని ఆ చప్పుడు వర్ణించడానికి తంటాలు పడుతున్న ఒక మాస్టారు. నా వేళ్లు వాటంతట అవే తిరుగుతున్నాయి. ఒక్క అంచు కూడా పసుపు తిరగలేదు. "సూపర్ అక్కా," అని టీమ్ లీడరు మధ్యలో ఒక మెసేజ్ పెట్టింది. ఒప్పుకుంటున్నాను, నాకు గర్వంగా ఉంది.

ఆరో విండోలో ఒక పెద్దావిడ వచ్చింది. ఒక్కొక్క అక్షరమే టైపు చేస్తోంది. మిషను మధ్యలో ఆగిపోయిందట, లోపల నీళ్లు నిండి ఉన్నాయట, తలుపు రావడం లేదట. ఇంకాసేపటికి అసలు సంగతి రాసింది. విప్పిన బట్టల జేబులో కళ్లజోడు ఉండిపోయింది, అది కూడా లోపల నీళ్లలోనే ఉంది. "అద్దంలోంచి కనపడుతూనే ఉందమ్మా. చెయ్యి పెట్టడానికి లేదు. ఫోన్లో అక్షరాలు ఇంతింత చేసుకుని నీతో మాట్లాడుతున్నా," అంది. నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. ఆవిడకి ఏం చెప్పాలో నాకు తెలుసు. తలుపును బలవంతంగా లాగకూడదు. ముందు స్విచ్ తీసేయాలి. కింద చిన్న మూత ఉంటుంది, దాన్ని తెరిచి నీళ్లు మెల్లిగా పోనివ్వాలి. నీళ్లు పోయాక కాసేపు ఆగితే తలుపు దానంతటదే వస్తుంది.

సరిగ్గా అప్పుడే గదిలోంచి అత్తయ్య, "అమ్మాయ్, నేను మాత్ర వేసుకున్నానా?" అని పిలిచింది. అదే క్షణంలో ఇటు తలుపు తెరుచుకుంది. "ఒక్కసారి ఇలా వచ్చి చూడవోయ్, నా మీటింగ్ విండో ఎటో పోయింది," అన్నారు మావారు. బడికి సెలవని ఇంట్లోనే ఉన్న పాప బాత్రూములోంచి టవలు అడుగుతోంది. హోటలాయన వరసగా ఆశ్చర్యార్థకాలు పంపుతున్నాడు.

నేను అత్తయ్య గదివైపు తల తిప్పి, ఓపిగ్గా, స్పష్టంగా అన్నాను: "తలుపు బలవంతంగా లాగకండి. ముందు స్విచ్ తీసేసి కింద నుంచి నీళ్లు పోనివ్వండి."

"ఏం తలుపు? ఏం నీళ్లు? నేను మంచం మీద కూర్చునే ఉన్నానే!" అంది అత్తయ్య.

తల తిప్పి స్క్రీన్ వంక చూశాను. నోటితో అనాల్సింది చేత్తో అన్నాను. ఆరో విండోలో నా పేరు పక్కన ఇలా ఉంది: "మాత్ర వేసుకున్నారా అత్తయ్యా? డబ్బా మంచం పక్కనే ఉంది, చూసుకోండి."

పంపేసిన మాటని వెనక్కి తీసుకునే వీలు మా పనిలో లేదు. పైగా అంతా రికార్డవుతోంది. క్షమించండి, పొరపాటున వచ్చింది అని రాయబోతుండగా ఆవిడ టైపు చేస్తున్నట్టు చుక్కలు కదిలాయి. చాలాసేపు కదిలాయి.

"లేదమ్మా. వేసుకోలేదు. కళ్లజోడు లేక ఏది ఏ మాత్రో తెలియడం లేదు. పొద్దున్నించీ అలాగే ఉన్నా. నీకెలా తెలిసింది?"

నేను ఆ మాటలు రెండుసార్లు చదివాను. ఎక్కడో ఒక ఇంట్లో ఒకావిడ మిషను అద్దంలోంచి తన కళ్లజోడు వంక చూస్తూ, మాత్ర లేకుండా, పొద్దున్నించీ కూర్చుని ఉంది. ఆవిడ గురించి నాకు తెలిసింది ఒకటే, మెల్లిగా టైపు చేస్తుంది. మెల్లిగా టైపు చేసేవాళ్లని నేనెప్పుడూ పైన కుడి పక్క పెట్టి, వాళ్లు ఒక్క మాట రాసేలోపు మిగతా వాళ్ల పని కానిచ్చేస్తాను. నా నేర్పంతా అదే. ఈసారి అది చేయబుద్ధి కాలేదు. ఆరో విండోని లాగి స్క్రీన్ నిండా పెద్దది చేశాను. మిగతావి దాని వెనక్కి పోయాయి. నేను ఒక్కదానికి కూడా అంచు మిగల్చలేదు.

"ముందు మీ తలుపు తెరిపిద్దాం. నేను ఎక్కడికీ వెళ్లను. మీరు మెల్లిగా చేయండి," అని రాశాను.

"నా మీటింగ్..." అన్నారు మావారు.

"ఇప్పుడు కాదండీ," అన్నాను స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే.

ఆయన అక్కడే కొంచెంసేపు నిలబడ్డారు. తర్వాత వెళ్లారు. ఆవిడ స్విచ్ తీసేసింది. మూత దొరకడానికి చాలాసేపు పట్టింది, వేళ్లతో తడుముకుంటూ వెతుకుతోందేమో. పళ్లెం పెట్టమన్నాను. నీళ్లు వస్తున్నాయంది. నిండింది, పారబోసి వస్తానంది. నేను ఆగాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక మనిషి నీళ్లు పారబోసి వచ్చేదాకా ఏమీ చేయకుండా ఆగడం అదే మొదలు. వింతగా, చేతులు బల్ల మీద పెట్టుకుని, హాయిగా ఉంది. స్క్రీన్ మూల నుంచి గంట మోగుతూనే ఉంది, వెనకవి ఒక్కొక్కటే ఎర్రబడుతున్నాయని దాని అర్థం.

"వచ్చింది తలుపు!" అని రాసిందావిడ. తర్వాత, "కళ్లజోడు బాగానే ఉంది. బాగా మెరుస్తోంది కూడా." ఆ తర్వాత ఇంకాసేపటికి, "మాత్ర వేసుకున్నా. నన్ను ఎవరైనా మాత్ర గురించి అడిగి ఎంత కాలమైందో. నన్నెవరనుకుని అత్తయ్యా అన్నావో గానీ, అడిగావు. నువ్వు వేసుకున్నావా అమ్మా?"

ఆవిడకి నా థైరాయిడ్ సంగతి తెలియదు. ఊరికే, మర్యాదకి అడిగింది. భోంచేశావా అన్నట్టు. స్క్రీన్ వెనక చెయ్యి పెట్టి డబ్బా బయటికి తీశాను. మూత మీద దుమ్ము ఉంది.

"లేదండీ. రేపటి నుంచి వేసుకుంటాను."

"రేపటి నుంచి అని నేనూ చాలా ఏళ్లు అన్నాను," అని రాసి ఆవిడ వెళ్లిపోయింది. విండో మూసుకుంది.

ఫోన్ మోగింది. టీమ్ లీడరు. "అక్కా, ఏమైంది? ఐదూ ఎర్రబడ్డాయి! హోటలాయన నానా తిట్లూ తిడుతున్నాడు. నెట్ పోయింది కదూ?"

"నెట్ బాగానే ఉంది."

"పోయిందని రాసేస్తాను, ఏం ఫర్వాలేదు. మొదటి గంటా అంత బాగా వచ్చింది కదా. రేపు మళ్లీ పెట్టుకుందాం."

పాపం, ఆ పిల్ల మంచిది. నన్ను కాపాడటానికే ఆ దారి చూపించింది. ఊఁ అంటే చాలు. రేపు మళ్లీ ఆరు విండోలు తెరుస్తాను, ఈసారి నోరు ఎక్కడ వాడాలో చేతులు ఎక్కడ వాడాలో జాగ్రత్తగా చూసుకుంటాను, ట్రైనర్‌ని అవుతాను. కవలలమ్మకి నేర్పిస్తాను, ఒంటి చేత్తో ఆరు ఎలా నడపాలో.

"ఆరు కుదరవని రాయి," అన్నాను.

"మీరలా అంటే ఎలా అక్కా? మీరే చేయలేకపోతే ఇంకెవరు చేస్తారు?"

"అదే రాయి."

"ట్రైనర్ పోస్టు..." అంది మెల్లిగా.

"తెలుసమ్మా. నేను ఆరు చేయగలను, నువ్వు చూశావు. చేయగలను గానీ చేయను. నాలుగే ఎక్కువని కూడా రాయి, నా మాటగా."

"రాస్తాను," అంది చివరికి. ఆగి, గొంతు తగ్గించి, "ఆ మాత్ర మెసేజ్ నేనూ చూశానక్కా. మా అమ్మకి ఫోన్ చేసి చాలా రోజులైంది," అంది.

ట్రైనర్ పోస్టు పోయినందుకు ఏడవలేదంటే అబద్ధం. వంటింట్లోకి వెళ్లి, పంపు తిప్పి, ముఖం కడుక్కుంటున్నట్టుగా కాసేపు ఏడ్చాను. నాకు ఆ పని ఇష్టం. అందులో నేను గొప్పదాన్ని. సాయంత్రం కవలలమ్మకి విషయం చెబితే, "నీ కడుపు చల్లగా ఉండ!" అని, ఇంకేమీ అనలేక ఫోన్ బిడ్డ చెవి దగ్గర పెట్టింది. వాడు నాతో చాలాసేపు ఏదో మాట్లాడాడు.

మావారు మాత్రం నమ్మలేకపోయారు. "కుదరదన్నావా? నువ్వా?" అని రెండుసార్లు అడిగారు. "చేయలేకపోయావా ఏమిటి?"

"చేయలేక కాదు."

"మరి?" అన్నారు. నేను కంచాలు తీస్తున్నాను. ఆయన జవాబు కోసం చూసి, రాకపోయేసరికి, ప్రెజెంటేషన్ ఎంతవరకు వచ్చిందని అడిగారు. అసలు తెరవలేదని చెప్పాను. ఆ మాట అన్నాక ఇల్లేమీ కూలిపోలేదు. ఆయన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు, లోపల దీపం చాలాసేపు వెలిగింది.

మర్నాడు పొద్దున లేచి ముఖం కడుక్కుని, వంటింట్లోకి వెళ్లకుండా, నేరుగా బల్ల దగ్గరికి వచ్చాను. డబ్బా తుడిచాను. మాత్ర వేసుకుని గ్లాసుడు నీళ్లు తాగాను. తర్వాత కుర్చీలో కూర్చున్నాను. కంప్యూటర్ ఆన్ చేయలేదు. నల్లటి స్క్రీన్‌లో నా ముఖం కనిపించింది, జుట్టు చెదిరి, కొంచెం నిద్రమొహంతో. చాలా కాలానికి చూసిన చుట్టంలా అనిపించి పలకరింపుగా నవ్వాను. ఊరికే కూర్చోవడం చేతకాక కాసేపు వేళ్లు బల్ల మీద టైపు చేశాయి. తర్వాత వాటికీ అర్థమైంది.

"అమ్మాయ్, కాఫీ ఇంకా పెట్టలేదా?" అంది అత్తయ్య గదిలోంచి.

"అమ్మా, సాక్స్! కంప్లైంటు!" అంది పాప.

తలుపు తెరుచుకుంది. మావారు ఖాళీ కప్పు పట్టుకుని వచ్చి, చీకటి స్క్రీన్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్న నన్ను చూసి ఆగిపోయారు. "ఏమోయ్, ఒంట్లో బాగాలేదా? కాఫీ..."

"మీ ముందు ఒకరున్నారండీ," అన్నాను. "దయచేసి వేచి ఉండండి."

ఆయన పకపకా నవ్వారు. ఇంటి వేళాకోళమే అనుకున్నారు. "సరే సరే. ఎవరు నా ముందు? అమ్మా? పాపా?"

"నేను," అన్నాను.